ఏ మెతుకు పట్టి చూడను?

హెప్సిబా ఢిల్లీ వచ్చాక పోగొట్టుకున్నవి రెండే. ఒకటి బాపట్ల నుంచి మోసుకొచ్చిన రోటి పొత్రం, రెండోది తన పేరు. పొత్రం ఇల్లు మారేటప్పుడు లారీలో పోయింది. పేరు ఎక్కడ జారిపోయిందో మాత్రం తెలియదు. నోయిడాలో వాళ్ళుండే సొసైటీలో ఆవిడ 'హాసినీ కీ మమ్మీ'. మొగుడు ప్రభాకర్‌కు 'ఇదిగో'. ఫోనులో అమ్మకు 'చిట్టి'. ఆదివారం తెలుగు ఫెలోషిప్‌కు వెళితే అక్కడ ఆడవాళ్ళందరూ సిస్టర్లే కాబట్టి ఆవిడా ఒట్టి సిస్టరే. హెప్సిబా అని నిండుగా పిలిచేవాడు కొరియర్ కుర్రాడొక్కడు. వాడైనా ఓటీపీ చెప్పగానే మర్చిపోతాడు.

అందుకే ఈ ఏడు ఆవిడకో చిన్న కోరిక పుట్టింది. ఫెలోషిప్ వార్షికోత్సవం నాడు ప్రేమవిందు ఉంటుంది. భోజనాల తర్వాత సంఘపెద్ద పెద్దిరాజుగారు మైకు పట్టుకుని, ఆ ఏడు పెద్దవంట చేసిన ఇల్లాలి పేరు చదివి శాలువా కప్పుతారు. నిరుడు రేవతి బిర్యానీకి కప్పారు. ఈసారి వంతు హెప్సిబాది, గోంగూర మాంసానిది. మైకులో తన పేరు ఒక్కసారి వినబడాలి, అంతే. అది గర్వమని ఆవిడకు తెలుసు. గర్వం పాపమనీ తెలుసు. అయినా, ఒక్కసారి వినబడితే దేవుడికి మాత్రం పోయేదేముంది అనిపించింది. శాలువాకు నప్పే చీర కూడా ఇస్త్రీకి ఇచ్చేసింది.

సరిగ్గా అప్పుడే సాయిప్రకాష్ మొదటి శతాబ్దాన్ని వెంటబెట్టుకొచ్చాడు.

సాయిప్రకాష్‌ది ప్రొద్దుటూరు. ముఖర్జీ నగర్‌లో పీజీ గదిలో ఉంటూ సివిల్స్‌కు చదువుతున్నాడు. "పేరు మా నాయనమ్మ పెట్టింది, బాప్తిస్మం నేను తీసుకున్యా, రెండూ నావే" అంటాడు నవ్వుతూ. చరిత్ర చదివే పిల్లవాడు కాబట్టి బైబిలు వాక్యం చెప్పే పని అతనికి అప్పజెప్పారు. మెట్రో మారి మారి వచ్చి, చెమట తుడుచుకోకుండానే మొదలుపెట్టేస్తాడు. ఆ ఆదివారం పెద్దిరాజుగారి హాల్లో, సోఫాల మీదా చాపల మీదా కిక్కిరిసిన జనం మధ్య, మంచి ఊపులో ఉన్నాడు.

"మొదటి శతాబ్దంలో కొరింథు సంఘంలో ఏమైందో తెల్సునా? ప్రేమవిందని పేరు పెట్టి, డబ్బున్నోళ్ళు ముందే వచ్చి ఎవరి క్యారేజీ వాళ్ళు విప్పుకోని తినేస్తాండ్రి. పని దిగి వచ్చేటోళ్ళకు ఖాళీ గిన్నెలు! ఒకరికోసం ఒకరు ఆగండప్పా అని పౌలు చెప్పాల్సొచ్చె. మరి మనమేం చేస్తాండాం? ఇది ఈ ఆంటీ బిర్యానీ, ఇది ఆ ఆంటీ మాంసం, దానికో శాలువా! ఆ తొలిరోజుల్లో 'ఇది నాది' అన్నోడే లేడు. అందరూ కలిసి ఒకే ఒళ్ళు. కన్నుకొక శాలువా, కాలికొక శాలువా కప్పుతామా?"

పెద్దిరాజుగారు కుర్చీలో కదిలారు. ఆయన రైల్వేలో పని చేసి రిటైరైన భీమవరం మనిషి. "శాలువా కొనేశానండి బాబూ, లాజ్‌పత్ నగర్‌లో. బేరమాడి మరీ తెచ్చాను. వాడు వెనక్కి తీసుకోడండి."

"ఉండనీలెండి అంకుల్, చలికాలానికి పనికొస్తాది." సాయిప్రకాష్ ఆగలేదు. "ఆ కాలంలో రొట్టె విరిచేటప్పుడు ఒక ప్రార్థన చేస్తాండ్రంట. కొండల మీద చెదిరిపోయిన గింజలన్నీ ఒకచోట చేరి ఒకే రొట్టె అయినట్టు, మేమూ ఒకటి కావాల అని. ఎంత బాగుంది! మనకు రొట్టె లేదు, పిడికెడు బియ్యం ఉండాది కదా! ఈసారి ఆ బియ్యమంతా ఒకే కుండలో వండుదాం. ఒకే అన్నం, ఒకే పప్పుచారు. ఏ గింజ ఏ ఇంటిదో తెలీకూడదు!"

పిడికెడు బియ్యం వాళ్ళందరికీ ఊళ్ళ నుంచి వచ్చిన అలవాటు. పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. అది దేవుడిది. ఊళ్ళో అయితే ఆదివారం ప్రార్థన గుడికి పోతుంది. ఇక్కడ నెలకోసారి ఎవరో ఒకరి కారు డిక్కీలో అనాథాశ్రమానికి పోతుంది. ఆ బియ్యం పేరు ఎత్తేసరికి హాలంతా కరిగిపోయి, ఆమెన్, ఆమెన్ అంది. కుర్రాళ్ళు మాత్రం గోంగూర మాంసం తలచుకుని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

హెప్సిబా చెయ్యెత్తింది.

"బాబూ, గోధుమలంటే పిండి కొడతారు, కలిసిపోతాయి. బియ్యం అట్లా కాదు. ఉడికి కంచంలోకొచ్చినా ఎవరి మెతుకు వాళ్ళదే."

"బియ్యం బియ్యమే గదా హాసిని మమ్మీ! ఏమైతది?" అంది రేవతి. వరంగల్ మనిషి, ఏదో కంపెనీలో హెచ్ఆర్ చూస్తుంది, వంద మందిని ఒక తాటి మీద నడిపించడం వృత్తి.

హెప్సిబాకు ఇంకో మాట గుర్తొచ్చింది. "అంతా ఒకటే, పేర్లొద్దు అన్నావు. మరి పౌలు రోమాకు రాసిన ఉత్తరం చివర అందరికీ పేరుపేరునా వందనాలు ఎందుకు చెప్పాడు?"

సాయిప్రకాష్ మొహం వెలిగిపోయింది. "సూపర్ క్వశ్చన్ ఆంటీ! ఇది మెయిన్స్‌లో రావాల. అవును, పేర్లే పేర్లు! ఫీబే, పెర్సిసు, త్రుపైనా, త్రుఫోసా... ఆఁ, రూఫు, రూఫు తల్లి. ఆమె నాకూ తల్లే అంటాడు."

"ఆవిడ పేరు?"

"రాయలేదాంటీ."

"త్రుఫోసా దాకా రాసినవాడికి ఆవిడ దగ్గరకొచ్చేసరికి సిరా అయిపోయిందా?"

అందరూ గొల్లున నవ్వారు. సాయిప్రకాష్ కూడా నవ్వి, మనస్ఫూర్తిగా పొగుడుతున్నాననుకుని అన్నాడు: "అందరికీ అమ్మ కదాంటీ ఆమె. ఆమెకు పేరెందుకు? అచ్చం మీ మాదిరే!"

మెత్తటి ముద్దలో రాయి తగిలినట్టయింది హెప్సిబాకు. అంతలో "వంట ఎవరండీ?" అన్నారు పెద్దిరాజుగారు. "హాసిని వాళ్ళ మమ్మీ!" అన్నారు అందరూ ఒకే నోటితో. ఒకే ఒళ్ళంటే ఇదే కాబోలు అనుకుంది ఆవిడ.

మరుసటి ఆదివారం డబ్బాలన్నీ వచ్చాయి. పెద్ద నీలం ప్లాస్టిక్ టబ్బు మధ్యలో పెట్టి, పాట పాడుతూ ఒక్కొక్కరే వచ్చి పోశారు. ఎవరిదేమిటో హెప్సిబా కళ్ళు వద్దన్నా చూస్తూనే ఉన్నాయి. రేవతివి డైటింగు కోసం తెచ్చుకున్న బ్రౌన్ రైస్. ఎవరివో వేలెడు పొడుగు బాస్మతి. అత్తగారు మలయాళీ అయిన అమ్మాయివి లావుపాటి ఉప్పుడు బియ్యం. సోనా మసూరి, రేషన్ బియ్యం, ఇడ్లీ బియ్యం. పెద్దిరాజుగారు డబ్బా వంచితే సన్నగా, పచ్చగా, ఇసకలా ఏదో కారింది.

"అంకుల్, ఇవి కొర్రలండీ!"

"షుగరండి. మా ఇంట్లో బియ్యం వచ్చి చాన్నాళ్ళయిందండి. దేవుడి దగ్గర అబద్ధమాడమంటారా?"

సాయిప్రకాష్ పీజీ బియ్యం పోశాడు. బియ్యంతోపాటు రాళ్ళు పడ్డ చప్పుడు కూడా వినిపించింది. తర్వాత పిల్లలూ పెద్దలూ టబ్బులో చేతులు పెట్టి కలిపారు. కలుపుతూ కొందరు కళ్ళు తుడుచుకున్నారు కూడా. గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ చదువుతూ వారానికోసారి ఇంటికొచ్చే హాసిని దాన్ని రీల్ తీసింది. టబ్బు హెప్సిబా ఇంటికి చేరింది.

వారమంతా అది డైనింగ్ టేబుల్ కింద కూర్చుని ఆవిడ వంక చూసింది. బుధవారం మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక, చేటలో ఇన్ని పోసుకుని ఏరడానికి కూర్చుంది. రాళ్ళు ఏరింది, బాగానే ఉంది. అక్కడితో ఆగి ఉంటే ఇంకా బాగుండేది. పొడుగు గింజలు ఒక పక్క, పొట్టివి ఒక పక్క, ఎర్రవి ఇంకో పక్క తోయడం మొదలుపెట్టింది. సెలవని దిగిన హాసిని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మమ్మీ! యే క్యా కర్ రహీ హో? జడ్జిమెంట్ డే?"

హెప్సిబా చేటలోకి చూసుకుంది. కూర్చుని ఇంతసేపయినా ఒక గ్లాసెడు కూడా తేలలేదు. టబ్బు నిండుగా అలాగే ఉంది. కొర్రలైతే దొంగపిల్లల్లా ప్రతి గుంపులోకీ దూరిపోయాయి. నవ్వొచ్చింది. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. తల్లీ కూతుళ్ళిద్దరూ చేటను మధ్యలో పెట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వి, ఏరిన గుంపులన్నీ మళ్ళీ కలిపి టబ్బులో పోసేశారు.

ఏరడం మానింది గానీ పంతం మానలేదు. నానబెడితే గట్టివీ మెత్తవీ ఒక దారికొస్తాయని ఎవరికీ చెప్పకుండా ఒక ఉపాయం వేసింది. విందు నాడు తెల్లవారగానే కడిగి నానబోసింది.

పెద్దిరాజుగారి సొసైటీ కమ్యూనిటీ హాలు వెనక వంటకు చోటుంది. టెంట్‌హౌస్ నుంచి తెచ్చిన డేగిసా, చిన్నపిల్లలు దాక్కోగలిగినంతది, గ్యాసు పొయ్యి మీద ఎక్కింది. హాల్లో కీబోర్డు మోగుతోంది. హెప్సిబా ఇస్త్రీ చీర మీద పాత ఏప్రన్ కట్టుకుని ఎసట్లో బియ్యం పోసింది. కొంతసేపటికి తెడ్డుతో ఒక మెతుకు తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కింది. వెన్నలా ఉంది. అన్నమంతా చూడక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు అనేది వాళ్ళమ్మ. వార్చబోతూ, ఎందుకో ఇంకో మెతుకు పట్టింది. మధ్యలో పలుకు. ఇంకోటి పట్టింది. రాయి. ఇంకోటి పడదామంటే వేళ్ళ మధ్య ఏమీ లేదు, జిగురు.

ఆవిడ తెడ్డు పట్టుకుని నిలబడింది. పాతికేళ్ళుగా అన్నం వండుతోంది. ఒక్క మెతుకును నమ్మి వార్చేది. ఇవాళ ఏ మెతుకు పట్టి చూడాలి? బాస్మతి నాని నాని ముందే ప్రాణం విడిచింది. కొర్రలు గంజయ్యాయి. రేవతి బ్రౌన్ రైస్ మాత్రం రేవతిలాగే నిటారుగా నిలబడి ఉంది.

"హాసినీ, సాయిప్రకాష్‌కి చెప్పు, ఇంకా ఉడకలేదని. ఇంకో పాట పాడించమను."

హాసిని పరుగెత్తింది, తిరిగొచ్చింది. "ఏక్ ఔర్ గానా హో గయా మమ్మీ. అబ్ క్యా?"

"ఇంకోటి."

పాటలయ్యాయి. దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలయ్యాయి. చెప్పడానికి ఏమీ లేనివాళ్ళు కూడా లేచి సాక్ష్యం చెప్పారు. ఆకలికి చంటిపిల్లలు గోల మొదలుపెట్టారు. సాయిప్రకాష్ మళ్ళీ మైకు తీసుకుని, ఒకరికోసం ఒకరు ఆగమని పౌలు ఎందుకన్నాడో మరింత వివరంగా చెప్పసాగాడు. ఆగడంలో ఇన్ని అర్థాలున్నాయని అతనికే అప్పటిదాకా తెలిసినట్టు లేదు.

వంట దగ్గరికి సలహాలు రావడం మొదలైంది.

"మంట తగ్గియ్యండ్రి" అంది రేవతి.

"పెంచాలండీ, పెంచి మూతెట్టెయ్యాలండి" అన్నారు పెద్దిరాజుగారు. చేతిలో శాలువా సంచి ఉంది. ఎందుకైనా మంచిదని తెచ్చారు.

"దో సీటీ లగా దో ఆంటీ" అన్నాడు ఎవరో కుర్రాడు. ఆ డేగిసాకు విజిల్ పెట్టాలంటే రైలింజనుదే పెట్టాలి.

ఈలోగా అడుగు అంటింది. వాసన హాలు దాకా వెళ్ళింది. ఇక ఆగితే మిగిలేది బొగ్గని, హెప్సిబా దించేయమంది. ఎలా ఉన్నది అలా వడ్డించారు. తెల్లటి ముద్ద. అందులో ఎర్రటి పలుకులు, పచ్చటి చుక్కలు, అక్కడక్కడా నల్లటి మాడు. మీద పప్పుచారు.

ఒకే వరసలో, చాపల మీద, అందరూ ఒకేసారి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆపైన కరకర.

వడ్డన వరసలు సర్దడానికని మైకు రేవతి చేతిలో ఉంది. అది ఆన్‌లో ఉందని ఆవిడకు తెలియదు. పక్కావిడతో గుసగుసగా అన్న మాట నాలుగు స్పీకర్లలో గట్టిగా మోగింది:

"అబ్బా, ఎవరు వండిన్రే ఇది?"

తలలన్నీ లేచాయి. సాయిప్రకాష్ ఒక్క ఉదుటున లేచి మైకు అందుకున్నాడు. "ఎవరో ఒకరు కాదు! అందరం వండినాం! అందరిదీ!"

హెప్సిబా తెడ్డుతో గుమ్మంలో నిలబడి ఉంది. 'అందరం' ఎంత వెచ్చటి మాట. ఢిల్లీ జనవరిలో రజాయిలాంటిది. తల మీదుగా కప్పుకుని పడుకుంటే ఎవరికీ కనబడదు. సాయిప్రకాష్ ఆవిడ వైపు చూసి, మీకేం భయం లేదాంటీ అన్నట్టు తలూపాడు. పాపం, మంచి పిల్లవాడు. ఆవిడను కాపాడుతున్నాడు.

కానీ ఆవిడకు గోంగూర మాంసం గుర్తొచ్చింది. అదే ఉండి, లొట్టలేస్తూ తిని, ఎవరు వండారని అడిగి ఉంటే 'అందరం' అంటే ఊరుకునేదా? చచ్చినా ఊరుకోదు. రుచికి పేరు కావాలనుకున్నప్పుడు మాడుకు మాత్రం ఎందుకొద్దు?

తెడ్డు హాసిని చేతికిచ్చి, వరసల మధ్య నుంచి నడిచి వెళ్ళి మైకు తీసుకుంది. అది కీచుమంది.

"నా పేరు హెప్సిబా" అంది. స్పీకర్లు నాలుగూ ఆ పేరును హాలు నాలుగు మూలలకూ మోసుకెళ్ళాయి. బాగుంది. ఇంకోసారి అంది. "హెప్సిబా. వండింది నేను. నానబెట్టింది కూడా నేనే, అది ఎవరూ చెయ్యమనలేదు. నాకంతా తెలుసనుకున్నాను. మాడు అడుగున ఇంకా ఉంది, కావలసినవాళ్ళు అడగండి."

ముందు రేవతి నవ్వింది. నవ్వుతూనే ఎంగిలి చెయ్యి పైకెత్తింది.

"పండ్ల కింద కరకరమంటున్నయే, గవి నావి! బ్రౌన్ రైస్! రేవతి!"

"ఆ జిగురు నాదండి" అన్నారు పెద్దిరాజుగారు లేచి నిలబడి, కోర్టులో ఒప్పుకుంటున్నట్టు. "కొర్రలండి. పెద్దిరాజునండి."

"లావుగా తగిలేది మాది!" అంది మలయాళీ కోడలు. "ఆ కరిగిపోయింది మా బాస్మతి, కిలో ఎంతో తెలుసా!" అని మరొకరు గుండె బాదుకున్నారు. ఇక ఎవరాగుతారు? కంచాల మీద వంగి, వేళ్ళతో ముద్ద విడదీసి, ఇది మాది, కాదు మాది, పేర్లు చెప్పుకుంటూ, ఒకరి కంచంలోంచి ఒకరు తమ గింజ ఏరి చూపించుకుంటూ హాలంతా సంతలా అయిపోయింది. ఎన్నడూ నోరు విప్పని హాస్టలు పిల్లలు కూడా లేచి పేరు చెప్పి కూర్చున్నారు. ఇన్నేళ్ళుగా పక్కపక్కన కూర్చుని పాడినవాళ్ళు, "ఓహో, మీ పేరు అదా!" అనుకున్నారు. హెప్సిబా సంచిలోంచి తన గోంగూర పచ్చడి సీసా తీసింది. అవసరం పడుతుందేమోనని తెచ్చింది. అది వరసలో చివరిదాకా పోకముందే ఖాళీ అయింది. అన్నం కూడా.

"హెప్సిబా గారూ, మాడుంటే ఇంకాస్త వెయ్యండి!" అన్నారెవరో.

సాయిప్రకాష్ కంచం ముందు ఆలోచనలో పడి కూర్చున్నాడు. "ఆంటీ, నాకిప్పుడు ఒకటి అర్థమైతాంది. ఒకే ఒళ్ళంటే..."

"ముందు తిను బాబూ."

తిన్నాడు. కటుక్కుమంది. దవడ పట్టుకుని, నోట్లోంచి ఒక చిన్న రాయి తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఇది నాదే" అన్నాడు. "సాయిప్రకాష్."

"ఎన్ని ఏరాను నాయనా! నీది నీకే మిగిలిందా!" అంది హెప్సిబా. అప్పుడు నవ్విన నవ్వుకు సొసైటీ గార్డు తలుపు తీసి లోపలికి చూశాడు.

చివరికి శాలువా సమస్య మిగిలింది. పెద్దిరాజుగారు సంచిలోంచి తీసి, విప్పి, రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. "ఒక్కరికి కప్పకూడదంటున్నాడు అబ్బాయి. అందరికీ కప్పితే సరిపోదు. ఏం చెయ్యమంటారండీ?"

"డేగిసాకి!" అని అరిచింది హాసిని, తెలుగులో. వాళ్ళమ్మ ఉలిక్కిపడి చూసింది.

పెద్దిరాజుగారు నిజంగానే గంభీరంగా నడిచి వెళ్ళి, ఖాళీ డేగిసా భుజాల చుట్టూ శాలువా కప్పి చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. ఫొటోలయ్యాక హెప్సిబా ఆ శాలువా రెండు కొసలూ చేతులకు చుట్టుకుని, ఇంకా వేడి తగ్గని డేగిసాను ఒక పక్క పట్టుకుంది. రేవతి రెండో పక్క పట్టుకుంది. లాజ్‌పత్ నగర్ శాలువా మసిగుడ్డగా భేషుగ్గా పనికొచ్చింది.

ఇంటికొచ్చేటప్పుడు కారులో వెనక సీటులోంచి హాసిని అడిగింది. "మమ్మీ, వో రూఫు కీ మమ్మీ... సచ్ మే నామ్ నహీ లిఖా?"

"రాయలేదే."

"కానీ క్యోం?"

హెప్సిబా మసి అంటిన ఇస్త్రీ చీర మడతలు సర్దుకుంది.

"ఆవిడ చేతి వంట ఒక్కనాడూ చెడి ఉండదు, పాపం" అంది. "ఒక్కసారి మాడ్చి ఉంటే పౌలు తప్పకుండా పేరు రాసేవాడు."